ఫొటో కింద పేరు ఎవరు రాస్తారు?

(ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం సందర్భంగా హైదరాబాద్‌లో ఫొటోగ్రఫీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి తెర సరిగ్గా కనిపిస్తోందా? లైట్లు ఇంకొంచెం తగ్గిస్తే బాగుంటుంది. మొదటి స్లయిడ్‌లోనే చిన్న చిన్న వివరాలు చూడాల్సి ఉంది.

ఇది అమెరికా ఐదు డాలర్ల నోటు. 1899 నాటి సిరీస్. నడిమధ్యలో ఉన్న మనిషిని చూడండి. తల మీద ఈకల కిరీటం, ముఖంలో ఒక బరువు. ఆయన పేరు రన్నింగ్ యాంటిలోప్. లకోటా జాతిలో హంక్‌పాపా శాఖకు చెందిన పెద్ద. అమెరికా ప్రభుత్వం తన కాగితపు నోటు మీద ఒక మూలవాసిని ప్రధాన ముఖంగా వేసింది ఆ ఒక్కసారే.

ఈ బొమ్మకి మూలం ఒక ఫొటో. 1872లో ఆయన తన వాళ్లతో కలిసి వాషింగ్టన్ వెళ్లినప్పుడు అలెగ్జాండర్ గార్డ్‌నర్ అనే ఫొటోగ్రాఫర్ తీశాడు. ఫొటో నోటు మీదకి వచ్చేటప్పుడు ఒక మార్పు జరిగింది. ఆయన తల మీద ఉన్న ఈకలు పొడుగ్గా ఉండి నోటు చట్రంలో ఇమడలేదట. అందుకని వేరే కిరీటం పెట్టి చెక్కారు. అది పావ్నీ జాతి వాళ్ల తరహా కిరీటం. పావ్నీలు లకోటాలకి తరతరాల శత్రువులు. ఆ ఫొటో తీసిన మరుసటి ఏడాదే, 1873లో, నెబ్రాస్కాలో ఈ రెండు జాతుల మధ్య పెద్ద పోరు జరిగి ఎందరో పావ్నీలు చనిపోయారు. అలాంటి శత్రువుల కిరీటాన్ని ఒక లకోటా పెద్ద నెత్తిన పెట్టి, లక్షల నోట్లు అచ్చేశారు.

చెక్కినవాడికి దురుద్దేశం ఉందని నేను అనుకోను. అతనికి ఆ తేడా తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ కనబడలేదు. అతని దృష్టిలో ఈకలుంటే చాలు, ఎవరివైనా ఒకటే. నాకు బాధ కలిగేది అక్కడే. 1890 డిసెంబరులో వూండెడ్ నీ దగ్గర అమెరికా సైన్యం లకోటా ఆడవాళ్లనీ పిల్లల్నీ కూడా చంపేసింది. తొమ్మిదేళ్లకి ఆ దేశమే ఒక లకోటా ముఖాన్ని తన డబ్బు మీద గుర్తుగా పెట్టుకుంది. నోటు వచ్చేసరికి రన్నింగ్ యాంటిలోప్ బతికి లేడు. తన తల మీద ఏం పెట్టారో ఆయన చూడనే లేదు.

మన జేబుల్లోని నోట్ల మీదా ఒక ముఖం ఉంది కదా. 1996 నుంచి వస్తున్న గాంధీ సిరీస్ నోట్లలోని చిత్రం కూడా ఒక ఫొటో నుంచి కత్తిరించిందే. 1946లో ఆయన పెథిక్ లారెన్స్ పక్కన నవ్వుతూ నిలబడిన ఫొటో అది. పక్కనున్న బ్రిటిష్ మంత్రిని తీసేసి గాంధీని మాత్రమే ఉంచారు. దేశం ఒక ముఖాన్ని తన గుర్తుగా తీసుకునేటప్పుడు అవసరమైన మేరకు కత్తిరించుకుంటుంది. అయితే గాంధీ నెత్తిన ఎవరూ పరాయి టోపీ పెట్టలేదు. ఆ కళ్లజోడు, ఆ నవ్వు ఆయనవే. ఆయన ఎవరో చెప్పగలిగినవాళ్లు కోట్లమంది ఉన్నారు, తప్పు జరిగితే ఊరుకోరు. రన్నింగ్ యాంటిలోప్ తరఫున అలా అడిగే అవకాశం అప్పట్లో ఎవరికీ లేదు.

ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది దీని గురించే. ఒక పోర్ట్రెయిట్‌లో ఉన్న మనిషి ఎవరో చెప్పే హక్కు ఎవరిది? తీసినవాడిదా, తీయించిన ప్రభుత్వానిదా, ఫొటోలో ఉన్న మనిషిదా? ఫొటో బాగా వచ్చిందా లేదా అన్నది నాకు ఆ తర్వాతి ప్రశ్న.

తర్వాతి స్లయిడ్. ఈ పక్కపక్క ఫొటోలు మీలో కొందరు చూసే ఉంటారు. ఇద్దరూ ఒకే కుర్రాడు. నవాహో జాతికి చెందిన టామ్ టార్లినో. ఎడమవైపుది 1882లో, పెన్సిల్వేనియాలోని కార్లైల్ స్కూలుకి వచ్చిన కొత్తలో తీసింది. పొడవాటి జుట్టు, చెవులకి పోగులు, మెడలో హారాలు. కుడివైపుది 1885లో తీసింది. జుట్టు కత్తిరించి, పాపిడి తీసి, కోటు, టై వేశారు. తీసింది జాన్ చోట్ అనే స్థానిక ఫొటోగ్రాఫర్.

కార్లైల్ స్కూలుని 1879లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి పెట్టాడు. మూలవాసుల పిల్లల్ని ఇళ్లకి దూరంగా తీసుకొచ్చి, భాష మాన్పించి, జుట్టు కత్తిరించి, "నాగరికుల్ని" చెయ్యడం దాని పని. ఈ జంట ఫొటోలు ఆ స్కూలుకి ప్రచార సామగ్రి. "ముందు ఇలా ఉండేవాడు, మేం ఇలా మార్చాం" అని చూపించి విరాళాలు, ప్రభుత్వ నిధులు అడిగేవారు. మీరు ఫొటోగ్రఫీ చదువుతున్నారు కాబట్టి ఒక్క విషయం గమనించండి. రెండో ఫొటోలో చర్మం రంగు కూడా బాగా తెల్లబడినట్టు కనబడుతుంది. మూడేళ్లు ఎండకి దూరంగా ఉంటే రంగు కాస్త తగ్గొచ్చు. అంత మార్పు మాత్రం లైటింగ్ పనే. లైటు ఎక్కడ పెట్టాలన్నది టెక్నికల్ నిర్ణయమని మనకి నేర్పిస్తారు. ఇక్కడ అది రాజకీయ నిర్ణయం కూడా.

ఆ కాలంలోనే దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో పనిచేసిన మనిషి ఎడ్వర్డ్ కర్టిస్. ఫొటోగ్రఫీ చదివేవాళ్లెవరూ ఈ పేరు దాటి వెళ్లలేరు. 1907 నుంచి 1930 వరకు అమెరికా మూలవాసుల ఫొటోలతో ఇరవై సంపుటాలు వెలువరించాడు. జె.పి. మోర్గాన్ డబ్బు పెట్టాడు, ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ ముందుమాట రాశాడు. కర్టిస్ నమ్మకం ఒక్కటే. ఈ జాతులు అంతరించిపోతున్నాయి, పోయేలోపు పట్టుకోవాలి. కార్లైల్ స్కూలు వాళ్లకి కోటు తొడిగితే, కర్టిస్ వాళ్ల ఒంటి మీది కోటు విప్పించాడు.

1910లో ఆయన తీసిన ఒక ఫొటోలో ఇద్దరు పీగన్ జాతి పెద్దలు గుడారంలో కూర్చుని ఉంటారు. అసలు నెగెటివ్‌లో వాళ్లిద్దరి మధ్య ఒక గడియారం ఉంది. అచ్చులోకి వచ్చేసరికి లేదు, రీటచ్ చేసి తీసేశారు. "అంతరించిపోతున్న" మనిషి దగ్గర టైం చూసుకునే గడియారం ఉంటే కథ కుదరదు కదా.

నన్ను ఇంకా ఎక్కువగా కదిలించే ఫొటో అలెగ్జాండర్ అప్‌షాది. ఆయన క్రో జాతి మనిషి, కార్లైల్‌లోనే చదువుకున్నాడు, కర్టిస్‌కి దుబాసీగా పనిచేశాడు. మామూలుగా కోటూ ప్యాంటూ వేసుకునే మనిషి. కర్టిస్ ఆయన పోర్ట్రెయిట్ తీసినప్పుడు మాత్రం ఈకల కిరీటంతో, పాతకాలపు అలంకరణతో తీశాడు. ఆయన రోజువారీ బతుకు అందులో ఎక్కడా లేదు. అప్‌షాకి ఆ వేషం ఇష్టం లేదని నేను చెప్పలేను. తన తాతల దుస్తులు వేసుకుని ఆయన గర్వపడి ఉండొచ్చు. స్కూల్లో ఊడబెరికిన దాన్ని ఆ కాసేపు తిరిగి ఒంటి మీద వేసుకున్నట్టు అనిపించి ఉండొచ్చు. కానీ చదువుకుని, రెండు భాషలు మాట్లాడుతూ, రెండు లోకాల మధ్య తిరిగే క్రో మనిషి అనే అసలు పోర్ట్రెయిట్ ఆ సంపుటాలకి అక్కర్లేకపోయింది.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఈ రోజు చాలా జాతుల వాళ్లు కర్టిస్ ఫొటోలనే తమ ముత్తాతల ఫొటోలుగా ఇళ్లలో పెట్టుకుంటారు. వాళ్ల దగ్గర ఇంకో ఫొటో లేదు మరి. ఆ సంపుటాలు తీసి పారేయండని నేను అనను. వాటిని చూడటం నేర్చుకోవాలి.

ఇలా చూడటం నేర్పిన కళాకారిణి ఒకామె ఉన్నారు. వెండీ రెడ్ స్టార్. క్రో జాతి ఆడపడుచు. 1880లో ఆరుగురు క్రో పెద్దలు తమ భూమి, రైలు మార్గం విషయాలు మాట్లాడటానికి వాషింగ్టన్ వెళ్లారు. అక్కడ చార్లెస్ బెల్ స్టూడియోలో వాళ్ల ఫొటోలు తీశారు. వాటిలో మెడిసిన్ క్రో అనే పెద్దాయన ఫొటో చాలా పేరు పొందింది. ఎన్నెన్నో వస్తువుల మీద అచ్చయింది, ఎక్కడా ఆయన కథ లేకుండా. 2014లో వెండీ రెడ్ స్టార్ ఆ ఫొటోల ప్రింట్లు తీసుకుని, ఎర్ర సిరాతో వాటి మీదే రాయడం మొదలుపెట్టారు. చొక్కాకి వేలాడే ఈ తెల్ల తోలు ముక్కలకి అర్థం ఏమిటి, జుట్టులోని ఈ అలంకారం ఏం చెబుతుంది, ఈయన భార్య ఎవరు, పిల్లలు ఎవరు. బాణం గుర్తు వేసి, పక్కన రాసి, అంచులన్నీ ఎరుపు గీతలతో దిద్దారు.

క్రో జాతిలో నాయకుడు కావాలంటే నాలుగు పనులు చేసి ఉండాలి. యుద్ధంలో శత్రువుని ముట్టుకుని రావాలి, అతని చేతి ఆయుధం లాక్కోవాలి, శత్రువు గుడారాల దగ్గర కట్టేసిన గుర్రాన్ని పట్టుకురావాలి, ఒక దండుకి నాయకత్వం వహించి గెలవాలి. ఈ ఘనతలు వాళ్ల దుస్తుల మీద గుర్తులుగా ఉంటాయి. అంటే స్టూడియోలో బెల్ ముందు కూర్చున్నప్పుడు మెడిసిన్ క్రో తన బయోడేటా మొత్తం ఒంటి మీద వేసుకుని కూర్చున్నాడు. చదవగలిగినవాళ్లకి అది చదువు. చదవలేనివాళ్లకి ఒట్టి "రెడ్ ఇండియన్". నూట ముప్ఫై ఏళ్లకి ఆయన జాతి అమ్మాయి వచ్చి దాన్ని చదివి వినిపించింది. ఫొటో మారలేదు. ఒక్క చుక్క కూడా చెరపలేదు. కానీ ఆ ప్రింట్లు చూశాక పాత ఫొటోని ఇంకెప్పుడూ పాతలాగా చూడలేం.

సరే, మన దేశానికి వద్దాం. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ ప్రభుత్వానికి ఈ దేశంలో ఎవరెవరున్నారో, ఎవర్ని నమ్మొచ్చో తెలుసుకోవాలన్న టెన్షన్ బాగా పట్టుకుంది. దాని ఫలితంగా 1868 నుంచి 1875 వరకు ఎనిమిది సంపుటాల ఫొటోల పుస్తకం వచ్చింది, "ద పీపుల్ ఆఫ్ ఇండియా" పేరుతో. అందులో నాలుగు వందలకి పైగా ఫొటోలు ఉన్నాయి. కింద మనిషి పేరు కంటే కులం, తెగ, ప్రాంతం ముఖ్యం. ఫలానా కులం వాళ్లు నమ్మకస్తులు, ఫలానా తెగ వాళ్లు దోపిడీగాళ్లు, ఇలా సాగుతాయి రాతలు. ఒక మనిషి ముఖం చూపించి మొత్తం జాతికి క్యారెక్టర్ సర్టిఫికెట్ ఇచ్చేశారు.

ఆ పుస్తకం చూసిన ఒక భారతీయుడి అనుభవం మనకి దొరికింది. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1869లో కొడుకులతో లండన్ వెళ్లారు. మన దేశ పాలన చూసే ఇండియా ఆఫీసు అనే బ్రిటిష్ శాఖలో ఈ పుస్తకం చూశారు. మనుషుల్ని జంతువుల్లా చూపించారని ఎంతో బాధపడి ఉత్తరం రాశారు. ఆయన కొడుకు మహమూద్ ఆ పేజీలు తిరగేస్తుంటే ఒక ఇంగ్లిష్ కుర్రాడు వచ్చి, నువ్వు హిందుస్థానీవా అని అడిగాడట. అవునని చెప్పాడు, కానీ ముఖం ఎర్రబడింది. వెంటనే, నేను ఇక్కడి ఆదివాసుల్లో వాణ్ని కాను, మా పూర్వీకులు వేరే దేశం నుంచి వచ్చారు అని కూడా చెప్పుకున్నాడు.

ఈ చిన్న సంఘటన దగ్గర నేను చాలాసార్లు ఆగిపోయాను. మహమూద్ పడ్డ అవమానం నిజమైనది. ఆ అవమానంలోంచే తర్వాత జాతీయ భావం పుట్టింది, "మమ్మల్ని ఇలా చూపించడానికి మీరెవరు" అన్న ప్రశ్న పుట్టింది. అయితే ఆ క్షణంలోనే అతను ఆ పేజీల్లోని కొందరి నుంచి తనని విడదీసుకున్నాడు. నేను వాళ్లలాంటి వాణ్ని కాను అన్నాడు. దేశం అనే గుర్తింపు, మూలవాసి అనే గుర్తింపు ఎప్పుడూ ఒకే వైపు నిలబడవని ఈ ఒక్క సంభాషణ చెప్పేస్తుంది. దేశం తరఫున కోపగించుకున్న చదువరికి కూడా ఆదివాసీ ముఖం ఒక ఇబ్బంది అయింది. స్వాతంత్ర్యం వచ్చాక మన క్యాలెండర్లలో, పోస్టర్లలో, పాఠ్యపుస్తకాల్లో ఆ ఇబ్బంది పూర్తిగా పోయిందా? "భిన్నత్వంలో ఏకత్వం" బొమ్మల్లో డాక్టరు కోటులో ఒకరు, యూనిఫాంలో ఒకరు ఉంటారు. ఆదివాసీ మాత్రం ఎప్పుడూ నాట్యం చేస్తూనే ఉంటాడు. గోండు డాక్టర్ని, కోయ కలెక్టర్ని, చెంచు టీచర్ని అలాంటి పోస్టర్‌లో ఎప్పుడైనా చూశారా? నేను చూడలేదు.

కొలతల ఫొటోల గురించి రెండు మాటల్లో చెప్పి ముందుకెళ్తాను. 1869లో లాంప్రే అనే ఆయన ఒక పద్ధతి ప్రతిపాదించాడు. రెండంగుళాల గళ్లుగా దారాలు కట్టిన చట్రం ముందు మనిషిని నగ్నంగా నిలబెట్టి ఫొటో తియ్యాలి, అప్పుడు జాతుల శరీరాల్ని పోల్చవచ్చు అని. మన అండమాన్ దీవుల్లో బ్రిటిష్ అధికారి పోర్ట్‌మన్ అక్కడి మనుషుల్ని ఇలాంటి కొలతల ధోరణిలోనే వరసపెట్టి ఫొటోలు తీశాడు. ఈ రోజు అక్కడ జరవా తెగవాళ్లను ఫొటో తీయడం చట్ట ప్రకారం నేరం. ఎవరి ఫొటో తీయకూడదో కూడా ఫొటోగ్రాఫర్ నేర్చుకోవాలి.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన మనిషి దగ్గరికి వచ్చాం. హొరేస్ పూలా. 1906లో ఓక్లహోమాలో పుట్టాడు, కయోవా జాతి. 1984లో చనిపోయాడు. ఆయనకి పద్దెనిమిదేళ్లున్నప్పుడు, 1924లో, మూలవాసులందరికీ అమెరికా పౌరసత్వం ఇస్తూ చట్టం వచ్చింది. తను పుట్టిన నేల మీద పౌరుడు కావడానికి చట్టం కావాల్సి వచ్చిన తరం అది.

పూలా 1920ల నుంచి తన చుట్టూ ఉన్నవాళ్లనే తీశాడు. చుట్టాలు, పిల్లలు, పెళ్లిళ్లు, జాతరలు, అంత్యక్రియలు, సైన్యం నుంచి సెలవు మీద వచ్చిన కుర్రాళ్లు. పూసలు కుట్టిన గౌన్లు వేసుకుని కారు పైన కూర్చుని ఊరేగింపులో వెళ్తున్న ఆడపిల్లల ఫొటో ఒకటి ఉంది. ఆ కారుని ఆయన ఫ్రేములోంచి తప్పించలేదు. అందరి ముఖాల్లోనూ కెమెరా వెనకున్న మనిషి తమ మనిషే అన్న ధీమా కనిపిస్తుంది. ఇది నేర్పిస్తే వచ్చేది కాదు. డబ్బుల్లేక చాలా నెగెటివ్‌లు ఆయన ప్రింటు కూడా వేయించుకోలేకపోయాడు. వేసిన కొన్నింటి వెనక ఒక రబ్బరు స్టాంపు ముద్ర ఉండేది. దాని భావం ఇది: "పూలా ఫొటో. ఒక ఇండియన్ తీసిన చిత్రాలు." కింద పేరు, ఊరు.

ఈ స్టాంపు సంగతి మీరు రాసుకోండి. అప్పటిదాకా ఇండియన్ అంటే ఫొటోలో ఉండేవాడు. పూలా ఆ మాటని ఫొటో వెనక్కి తీసుకెళ్లి, తీసినవాడి స్థానంలో పెట్టాడు.

ఆయన ఫొటోల్లో ప్రపంచమంతా తెలిసినది ఇదిగో, ఇది. 1944, ఫ్లోరిడాలోని మెక్‌డిల్ వైమానిక స్థావరం. బి-17 బాంబర్ విమానం లోపల ఇద్దరు. ఒకరు పూలా, సైన్యంలో ఏరియల్ ఫొటోగ్రఫీ నేర్పేవాడు. ఆయన చేతిలో కెమెరా ఉంది. ఇంకొకరు గస్ పామర్, విమానం పక్క కిటికీ దగ్గర మరతుపాకీ పేల్చే సైనికుడు. ఇద్దరూ సైనిక దుస్తుల మీద ఈకల కిరీటాలు పెట్టుకున్నారు.

ఇప్పుడు మొదటి స్లయిడ్‌లోని ఐదు డాలర్ల నోటుని దీని పక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ ఈకల కిరీటం ఉంది, రెండింటిలోనూ అమెరికా ఉంది. ఒకదాంట్లో కిరీటం ఎవరిదో చెక్కినవాడికి తెలియదు. రెండోదాంట్లో కిరీటం పెట్టుకున్నది వాళ్లే, తమ ఇష్టంతో, కయోవాల యోధుల సంప్రదాయం గుర్తుగా. యూనిఫాం వాళ్ల దేశం. ఈకలు వాళ్ల జాతి. ఏదో ఒకటి ఎంచుకోమని కార్లైల్ స్కూలు అడిగింది, కర్టిస్ అడిగాడు. పూలా రెండూ ఉంచుకున్నాడు. తనని ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదని, తన ఫొటోల ద్వారా తన జనం తమని తాము గుర్తుపెట్టుకుంటే చాలని ఆయన అనుకునేవాడని కూతురు చెప్పారు. 2014లో స్మిత్సోనియన్ వాళ్ల మ్యూజియం న్యూయార్క్‌లో ఆయన ఫొటోలతో పెద్ద ప్రదర్శన పెట్టింది.

ఒక ప్రశ్న వచ్చినట్టుంది. అవునమ్మా, చెప్పండి... ఆ, వినపడింది. "తీసేవాడు ఆ జాతివాడే అయి ఉండాలా? మేం బయటివాళ్లం, మేం తియ్యకూడదా?" అని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. తియ్యకూడదని నేను అనను. బయటివాళ్లు తీసిన ఫొటోలు కూడా ఆ జనానికి తిరిగి చేరి, వాళ్లవి కావచ్చు. కెనడాలో అదే జరిగింది.

కెనడా ఉత్తరాన ఉండే ఇన్యూట్ ప్రజలకి ఇంటిపేర్లు ఉండేవి కావు. ప్రభుత్వానికి రికార్డులు రాసుకోవడం కష్టమైంది. 1940ల నుంచి ఒక్కొక్కరికి నంబరు వేసిన చిన్న బిళ్ల ఇచ్చారు, మెడలో వేసుకోవడానికి. ప్రభుత్వ కాగితాల్లో ఆ నంబరే మనిషి. 1960ల చివర్లో ఏబ్ ఓక్‌పిక్ అనే ఇన్యూట్ నాయకుడు ఊరూరూ తిరిగి ఇంటిపేర్లు నమోదు చేయించేదాకా ఇలాగే నడిచింది. ఆ కాలంలో తీసిన ఫొటోలు వేలకొద్దీ జాతీయ ఆర్కైవ్స్‌లో, అంటే పాత రికార్డులు దాచే సంస్థలో, పోగుపడ్డాయి. వాటి కింద ఏముండేది? "ఎస్కిమో స్త్రీ", "ఎస్కిమో పిల్లలు", "బిడ్డతో తల్లి". తీసిన ఫొటోగ్రాఫర్ పేరు మాత్రం పొల్లు పోకుండా ఉండేది.

2000ల మొదట్లో, నునావుట్ అనే ఇన్యూట్ ప్రాంతపు యువతీయువకులు చదువుకునే ఒక కార్యక్రమం, కెనడా జాతీయ ఆర్కైవ్స్ కలిసి "ప్రాజెక్ట్ నేమింగ్" అని మొదలుపెట్టాయి. రిచర్డ్ హారింగ్టన్ 1940ల చివర, 1950ల మొదట్లో తీసిన ఫొటోలతో మొదలైంది. వాటిని డిజిటల్ చేసి, విద్యార్థులు ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని సొంత ఊళ్లకి వెళ్లారు. పెద్దవాళ్ల పక్కన కూర్చుని ఒక్కొక్కటే చూపించారు. ఎవరిది ఈ ముఖం? ఇది మా అమ్మ. ఇది మా మేనత్త. ఈ పిల్లాడు తర్వాత ఫలానా ఊరు వెళ్లాడు. పేర్లు దొరికాయి. పేరుతో పాటు ఊరు, చుట్టరికం, ఆ రోజు ఏం జరిగిందో అన్నీ వచ్చాయి. తమ తల్లిదండ్రుల ఫొటో ఒకటుందని కూడా తెలియని వాళ్లకి అదే మొదటిసారి చూడటం. తర్వాత ఈ పని ఇన్యూట్‌తో ఆగకుండా కెనడాలోని మిగతా మూలవాసీ జాతులకీ విస్తరించింది.

ఇందులో ఫొటోలు మళ్లీ తియ్యలేదు, కెమెరాయే అక్కర్లేదు. కింద ఉన్న ఒక్క లైను మారింది. "ఎస్కిమో స్త్రీ" అన్నచోట ఒక పేరు వచ్చింది. నా దృష్టిలో గత పాతికేళ్లలో పోర్ట్రెయిట్ ఫొటోగ్రఫీలో జరిగిన గొప్ప పనుల్లో ఇదొకటి.

ఫొటో ఎక్కడ ఉండాలన్న విషయంలోనూ ఒక్కో జాతికి ఒక్కో పద్ధతి. న్యూజిలాండ్ మావోరీల సమావేశ మందిరాల్లో గోడల మీద పూర్వీకుల ఫొటోలు ఉంటాయి. ఎవరైనా చనిపోతే, శవపేటిక పక్కన అంతకుముందు పోయినవాళ్ల ఫొటోలు తెచ్చి పెడతారు. వాళ్లతో మాట్లాడతారు కూడా. మన ఇళ్లలో దండ వేసి, బొట్టు పెట్టి, పెళ్లి కార్డు మొదట ఆ ఫొటో ముందు పెట్టేవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఆస్ట్రేలియాలోని చాలా ఆదివాసీ సమాజాల్లో దీనికి తలకిందులు. చనిపోయినవాళ్ల ఫొటో చూడటం, పేరు పలకడం కొంతకాలం మానేస్తారు. అందుకే అక్కడి మ్యూజియాలు, టీవీ చానెళ్లు ముందుగా హెచ్చరిక వేస్తాయి. ఒకరికి గౌరవం అయినది ఇంకొకరికి గాయం కావచ్చు. అడిగితే తప్ప మనకి తెలియదు.

ఇక మన ఆదిలాబాద్. క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ పేరు ఇక్కడ చాలామందికి తెలుసు. ఆస్ట్రియా మనిషి. ఆస్ట్రియాని జర్మనీ కలిపేసుకోవడంతో ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. 1939లో యుద్ధం మొదలయ్యేసరికి ఆయన ఇండియాలో ఉన్నాడు. బ్రిటిష్ లెక్కలో శత్రుదేశ పౌరుడు అయిపోయాడు. నిజాం రాజ్యం దాటి వెళ్లకూడదన్నారు. అలా పాస్‌పోర్టు మీద ఉన్న ఒక దేశం పేరు వల్ల ఆయన నల్లమల చెంచుల దగ్గరికి, గోదావరి ఒడ్డు కొండరెడ్ల దగ్గరికి, ఆదిలాబాద్ రాజ్‌గోండుల దగ్గరికి చేరాడు. భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో ఉన్నాడు. గోండు టీచర్లకి శిక్షణ, భూమి పట్టాలు, ఇలాంటి పనుల్లో ప్రభుత్వాన్ని కదిలించాడు. వేలకొద్దీ ఫొటోలు తీశాడు. బెట్టీ 1987లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో పోయిన ఆయన అస్థికలు కూడా 2012లో అక్కడికే చేరాయి. గోండులు వాళ్లిద్దర్నీ తమ మనుషులుగానే తలుచుకుంటారు.

ఆ మార్లవాయి నుంచే వచ్చారు గుస్సాడీ కనకరాజు. నెమలి ఈకల కిరీటంతో ఆయన నాట్యం ఢిల్లీ గణతంత్ర దినోత్సవ వేడుకల దాకా వెళ్లింది. 2021లో పద్మశ్రీ ప్రకటించారు. 2024లో కన్నుమూశారు. గుస్సాడీ కిరీటం పెట్టుకున్న ముఖాలు మన టూరిజం పోస్టర్ల మీద ఎన్నో చూస్తాం. కనకరాజు గారి ఫొటో కింద పేరు ఉంటుంది. మిగతావాళ్ల కింద "గుస్సాడీ నర్తకుడు" అని ఉంటుంది, చాలాసార్లు అదీ ఉండదు. దండారీ పండుగ కాలంలో ఆ కిరీటం ఎంత నియమంతో ధరిస్తారో, దానికి ఎలాంటి పూజ చేస్తారో పోస్టర్ వేసినవాళ్లు అడిగారో లేదో.

హైమన్‌డార్ఫ్ ఫొటోలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. చాలావరకు డిజిటల్ చేశారు, ఫోన్‌లో కూడా చూడొచ్చు. ఆదిలాబాద్‌లో తీసినవి 1940ల మొదట్లో మొదలయ్యాయి. అప్పుడు పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లకి ఇప్పుడు తొంభై దాటింది. ఆ ముఖాలు చూసి "ఇది మా తాత, ఇది మా పెదనాయన" అని చెప్పగలిగేవాళ్లు ఇంకా ఎంతమంది ఉన్నారో, ఎన్నేళ్లు ఉంటారో మీరే ఆలోచించండి. కెనడాలో విద్యార్థులు చేసిన పని ఇక్కడ చెయ్యడానికి మీకు పెద్ద గ్రాంటు అక్కర్లేదు. ప్రింట్లు కావాలి, గోండీ వచ్చిన తోడు కావాలి, ఊళ్లో పటేలుని అడిగి వెళ్లే మర్యాద కావాలి, రాసుకోవడానికి ఒక పుస్తకం కావాలి. పుష్య అమావాస్యకి కేస్లాపూర్ నాగోబా జాతర ఉంది. మెస్రం వంశం వాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు, పెద్దవాళ్లంతా ఒకచోట దొరుకుతారు. కెమెరాలు పట్టుకుని వెళ్లేవాళ్లు మీలో ఎలాగూ ఉన్నారు. ఈసారి కొత్త ఫొటోలు తీసే ముందు ఈ పాత ప్రింట్లు పట్టుకెళ్లండి.

నవాహో ఫొటోగ్రాఫర్ విల్ విల్సన్ పద్ధతి ఒకటి చెప్పి ముగిస్తాను, మీ పనికి పనికొస్తుంది. ఆయన 2012 నుంచి పాతకాలపు పద్ధతిలో, లోహపు రేకు మీద పోర్ట్రెయిట్‌లు తీస్తున్నాడు. ఏం వేసుకోవాలో, చేతిలో ఏం పట్టుకోవాలో కూర్చున్నవాళ్లే నిర్ణయిస్తారు. తీశాక రేకుని స్కాన్ చేసి ఆ స్కాన్ తను ఉంచుకుంటాడు. అసలు రేకు ఫొటోలో ఉన్న మనిషికి ఇచ్చేస్తాడు.

మార్లవాయి ప్రింట్ల పనికి రావాలనుకునేవాళ్లు వెళ్లేముందు నా దగ్గర పేరు, ఫోన్ నంబరు రాసి వెళ్లండి. గోండీ మాట్లాడేవాళ్లు ఎవరైనా ఉంటే ముందుగా వాళ్లు రండి. ఇప్పుడు లైట్లు వెయ్యొచ్చు, మిగతా ప్రశ్నలు తీసుకుందాం.